ముప్ఫై ఎనిమిది సున్నాలు

కిందటి వారం వర్షిణిని రామన్నమెరక బస్టాపులో, నడినెత్తి ఎండలో ఒంటరిగా వదిలేసి వచ్చాం. పాపం, ఆ పిల్ల వారం నుంచీ అక్కడే నిలబడి ఉంది. ఆమె దగ్గరికి వెళ్ళేలోగా, ఈ కథలోకి ఆలస్యంగా వచ్చినవాళ్ళకు నాలుగు ముక్కలు చెప్పాలి. తెలిసినవాళ్ళు కాస్త ఓపిక పట్టండి.

వర్షిణి రాజమండ్రిలో ప్లానింగు కోర్సు చివరి సంవత్సరం చదువుతోంది. ఊరు ఎటు పెరగాలి, రోడ్డెక్కడ, బడెక్కడ, మురుగు ఏ దారిన పోవాలి అని కాగితం మీద గీయడం నేర్పే చదువు అది. ఏటా ఒక బ్యాచీ ఒక పల్లెకు వెళ్ళి ఇంటింటి సర్వే చేసి, రంగుల మ్యాపు గీసి, ఒక కాపీ ఆ పంచాయతీ చేతిలో పెట్టి రావడం వాళ్ళ కాలేజీలో ఆనవాయితీ. డిసెంబరులో ఈమె బ్యాచీ రామన్నమెరకకు వచ్చింది. మురుగుకాలవ గట్టు మీద వరసగా ఉన్న ముప్ఫై ఎనిమిది ఇళ్ళు వర్షిణి వాటాకు వచ్చాయి. ఆమె వెళ్ళింది పొద్దున్న పదకొండు గంటలకు. చూస్తే అన్ని ఇళ్ళకూ తాళాలు. ముప్ఫై ఎనిమిది ఫారాల మీద ‘తాళం’ అని రాసుకుని వచ్చేసింది. మళ్ళీ వెళ్దామనుకుంది గానీ వెళ్ళలేదు. తీరా వివరాలు కంప్యూటరుకు ఎక్కించేటప్పుడు, ‘ఇంట్లో ఎంతమంది’ అన్న గడి ఖాళీగా వదిలితే అది ముందుకు కదలనని మొరాయించింది. మర్నాడు తొమ్మిదింటికి సబ్మిషను. వర్షిణి ఆ గడిలో సున్నా కొట్టింది. ముప్ఫై ఎనిమిది సార్లు కొట్టింది, ఫారాల మీద కూడా ‘తాళం’ కొట్టేసి సున్నా దిద్దింది. మనుషుల్లేని ఇంటికి మ్యాపులో బూడిదరంగు పడుతుంది. అలా గట్టు మొత్తం బూడిదరంగు పడింది. ఆ మ్యాపుకు క్లాసులో అందరికంటే ఎక్కువ మార్కులొచ్చాయి.

రెండు నెలలు తిరిగేసరికి అదే మ్యాపు జిరాక్సు తీసి, నోటీసుకు జతచేసి, గట్టు మీద ప్రతి తలుపుకూ అంటించారు. కాలవ వెడల్పు చేస్తారట. గట్టు మీద ఉన్నవి కాపురాల్లేని కట్టడాలు కనక తీసేస్తారట. అభ్యంతరాలేమైనా ఉంటే సోమవారం గ్రామసభలో చెప్పుకోవాలట. కాపురం ఉన్న ఇల్లయితే ముందు వేరేచోట స్థలం చూపించి గానీ కదిలించకూడదు. కాపురం లేనిదానికి ఆ పేచీ లేదు. గట్టువాళ్ళ కార్డులన్నీ పాత లంక పేరు మీదున్నాయి, ఆ లంకను గోదావరి కోసుకుపోయి పన్నెండేళ్ళయింది. అంటే, వాళ్ళు ఇక్కడే ఉంటున్నారని చెప్పాల్సిన కాగితం ఒక్కటే, ఈ పిల్లల సర్వే. మ్యాపు కింద వర్షిణి పేరూ ఫోను నెంబరూ చూసి బేబి అనే ఆవిడ ఫోను చేసింది. “ఏవండీ, మేం ఇక్కడ లేవని తవరికి ఎవరు సెప్పేరండీ?” అని అడిగింది.

ఒక్క ఆశ మిగిలింది. వాళ్ళ గైడు భాస్కరం గారికి ఒక పట్టుదల ఉంది. “ఫారం ముందువైపు జనం చెప్పింది రాయండి, వెనకవైపు మీ కళ్ళు చూసింది రాయండి” అంటారు. వెనకవైపుకు మార్కులు లేవు కనక పిల్లలెవరూ దాన్ని పట్టించుకోరు. వర్షిణి మాత్రం రాసింది. గుమ్మంలో ఆ పూట ముగ్గు, తీగ మీద ఆరేసిన బట్టలు, గంప కింద కోడిపిల్లలు, ఇలా ముప్ఫై ఎనిమిదింటికీ రాసింది. ఆ ఫారాల కట్టను కాలేజీ బీరువాలోంచి తీసి, మట్టిరంగు కవరులో పెట్టి ఎర్రదారంతో ముడివేసి, సంచిలో పెట్టుకుని, ఆదివారం పొద్దున్న బస్సెక్కింది. వాటిని ఫోనులో ఫొటోలు తీసి పెట్టుకుందామన్న బుద్ధి పుట్టలేదు. పుట్టుంటే నాకూ ఈ వారం రాయడానికేమీ ఉండేది కాదు. ఫారాలు పట్టుకెళ్తున్న సంగతీ, ఏ బస్సుకు వెళ్తోందో కూడా భాస్కరం గారికి తప్ప ఎవరికీ చెప్పలేదు.

బస్సు దిగింది. తెల్ల కారొకటి వచ్చి పక్కనే ఆగింది. అక్కడే కదూ మనం ఆపింది?

కారు వెనక అద్దం దిగింది. లోపల హనుమంతరాజు గారు.

“ఎండలో నిలబడిపోయారేంటమ్మా? ఎక్కండి.”

ఊళ్ళో సగం రొయ్యల చెరువులు ఆయనవే. ఆయన ప్రెసిడెంటు కాదు గానీ, ప్రెసిడెంటు ఆయన్ని అడక్కుండా సంతకం పెట్టడు. డిసెంబరులో పదిరోజులూ పిల్లలకు భోజనాలు ఆయన ఇంట్లోనే. రొయ్యల ఇగురు రెండోసారి కూడా తనే వడ్డించి, “మొహమాటపడకండమ్మా” అన్న మనిషి. ఆ ఉప్పు తిన్నానన్న సంగతి వర్షిణికి ఇప్పుడు గుర్తొచ్చి నోరు చేదుగా అయింది.

“పర్లేదండి. నడిచి వెళ్తాను.”

“గట్టు దాకా నడుస్తారా? మూడు కిలోమీటర్లండి బాబూ.”

గట్టుకు వెళ్తున్నట్టు ఆమె చెప్పలేదు. వెనక్కి తిరిగి చూసింది. తను దిగిన బస్సు అప్పటికే వంతెన దాటిపోయింది. ఎదురుగా సోడా కొట్టు మూసి ఉంది. పెద్దాయన అంత మర్యాదగా ఎక్కమంటుంటే ఎక్కనని ఎలా అనాలో ఆమెకు ఇంట్లో ఎవరూ నేర్పలేదు. ఈలోగా డ్రైవరు సుధాకర్ దిగి వచ్చి, “బరువెందుకండి, ఇలా ఇవ్వండి” అంటూ సంచి అందుకున్నాడు. ఆమె పట్టు వదలకముందే అది వెనక డిక్కీలోకి వెళ్ళిపోయింది. డిక్కీ మూసిన చప్పుడుకు వర్షిణి ఉలిక్కిపడింది. సంచి వెళ్ళాక మనిషి వెళ్ళకేం చేస్తుంది? కారెక్కింది.

కారు గట్టు వైపు తిరగలేదు. చెరువుల మధ్య మట్టిదారి పట్టింది.

“ఇటు కాదేమోనండి...”

“తెలుసమ్మా. ఒక్క పది నిమిషాలు. మీకొకటి చూపించాలి.”

చెరువుల్లో నీళ్ళు చిలికే చక్రాలు గిరగిరా తిరుగుతున్నాయి. ఆ రొదలో కేక వేసినా అవతలి చెరువు గట్టుకు వినపడదు. అలాంటి లెక్క మనసులోకి ఎందుకొచ్చిందని వర్షిణి తనను తానే తిట్టుకుంది.

చెరువు గట్టు మీది షెడ్డు ముందు కారాగింది. సుధాకర్ కార్లోనే ఉండిపోయాడు. వర్షిణి డిక్కీ వైపు చూసింది.

“నా సంచి...”

“ఎక్కడికీ పోదులెండి. రండి.”

లోపల మేత బస్తాలు, ఒక ఇనుప బల్ల, రెండు కుర్చీలు. గోడ మీద ఆమె మ్యాపు. అద్దం బిగించి, చుట్టూ చెక్క ఫ్రేము కట్టించి పెట్టారు. పొలాలు ఆకుపచ్చగా, ఇళ్ళు పసుప్పచ్చగా, చెరువులు నీలంగా, ఊరంతా ముచ్చటగా ఉంది. ఆ నీలం అంచున సన్నటి బూడిదరంగు చార. కింద కుడిమూల తన పేరు. ఇంతకుముందు తన పేరు అచ్చులో చూసుకుంటే సంబరంగా ఉండేది. ఇప్పుడు చెరిపేయడానికి చెయ్యి చాచాలనిపించింది. మధ్యలో అద్దం ఉంది.

“ఎంత చక్కగా గీశారమ్మా. వచ్చినవాళ్ళందరికీ చూపిస్తున్నాను” అన్నారాయన, కుర్చీ జరిపి కూర్చోమంటూ. కొబ్బరిబొండాం కొట్టి ఆమె ముందు పెట్టారు. “తీసుకోండి.”

ఆమె ముట్టుకోలేదు.

“మొన్న అక్టోబర్లో నాలుగు రోజులు వాన పడితే ఊరంతా మోకాలి లోతు నీళ్ళు. బళ్ళో పిల్లల పుస్తకాలన్నీ తడిసిపోయాయి. కాలవ పారక. ఇది అబద్ధమా అమ్మా?”

“కాదండి.”

“కాలవ వెడల్పు చేయాలని మీరే రాశారు. నలభై రెండో పేజీ. నేను రెండుసార్లు చదివాను.”

“మనుషులున్న ఇళ్ళు కూల్చమని రాయలేదండి.”

“మనుషులున్నారని కూడా రాయలేదు కదమ్మా.”

ఆయన గొంతు పెంచలేదు. నవ్వలేదు కూడా. గ్రామసభ సంగతి మాట్లాడుకుంటున్న పెద్దమనిషిలాగే ఉన్నారు. ఆ నిదానమే వర్షిణిని ఎక్కువ భయపెట్టింది. కసిరితే ఏడ్చైనా బయటపడొచ్చు.

“అది నా తప్పండి” అంది. “తాళాలు చూసి సున్నా వేశాను. రేపు సభలో నిలబడి చెప్పేస్తాను. వాళ్ళకు స్థలాలు చూపించాకే...”

“చెప్పండి. తప్పకుండా చెప్పండి. చూపించడానికి పంచాయతీకి ఉన్న స్థలమల్లా ఇదిగో, మనం కూర్చున్నదేనమ్మా. ఇందులో పదేళ్ళుగా నా చెరువులున్నాయి. దానికి మీ మ్యాపులో నీలంరంగే వేశారు, సంతోషం.” ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. “కాకపోతే చెప్పేముందు ఒక్కటి ఆలోచించుకోండి. ఆ సున్నాలు తప్పయితే ఈ మ్యాపులో ఏది ఒప్పని నమ్ముతారు జనం? మీ కాలేజీ మాటేంటి? సంతకం పెట్టిన మీ సారు మాటేంటి? ఆయనకు రిటైరుమెంటు ఇంకో నాలుగు నెల్లేనట కదా.”

ఆమె కళ్ళు ఫ్రేము పక్కన మేకుకు గుచ్చి ఉన్న కాగితం మీద పడ్డాయి. డిసెంబరు సర్వే టైంటేబులు. పిల్లలందరికీ పంచాయతీ ఆఫీసులో ఇచ్చిందే. పెద్దవీధి సాయంత్రం అయిదు. కొత్తపేట సాయంత్రం అయిదున్నర. తూర్పువీధి ఆదివారం ఉదయం. మురుగుకాలవ గట్టు, బుధవారం, పదకొండు. ఊళ్ళో అన్ని వీధులకూ జనం ఇళ్ళల్లో ఉండే వేళ చూసి పెట్టారు, ఒక్క గట్టుకు తప్ప. ఆ కాగితం పదిరోజులు తన చేతిలో ఉంది. సర్వేకి వేళ ఎలా చూసుకోవాలో పరీక్షలో రెండు పేజీలు రాసిన మనిషి, ఆ ఒక్క వరస చూసుకోలేదు.

“ఈ టైములు మీరు పెట్టారా?”

“భోజనాలు మావి, ఊరు మాది. టైములు కూడా మేమే చూశాం.”

“పదకొండింటికి గట్టు మీద ఎవరూ ఉండరని మీకు తెలుసు.”

“ఊళ్ళో అందరికీ తెలుసమ్మా. రొయ్యల కంపెనీ వ్యాను ఆరింటికొచ్చి ఎక్కించుకుపోతుంది, మళ్ళీ దింపేది సాయంత్రం ఆరింటికి. మీరు అడగలేదు, మేం చెప్పలేదు.”

“తాళం అని రాసి ఊరుకునేదాన్నేమో. నేను సున్నా వేస్తానని మీకెలా తెలుసండి?”

హనుమంతరాజు గారు ఈసారి కొంచెం నవ్వారు.

“చదువుకునే పిల్లలు గడి ఖాళీగా ఉంచరమ్మా. ఏదో ఒకటి వేసేస్తారు. మీ సారే అన్నారు ఓ రోజు, భోజనం చేస్తూ.”

భాస్కరం గారు అన్నారంటే సరదాకే అనుంటారు. క్లాసులోనూ అంటూనే ఉంటారు. ఆ మాటను పట్టుకుని ఇంత దూరం లాగక్కర్లేదు అని తనకు తానే సర్దిచెప్పుకుంది. కానీ బస్సు సంగతి? అది కూడా సరదాకే చెప్పారా?

“మరి నేను వెళ్తానండి” అని లేచింది.

“వెళ్ళండి. అమ్మగారు కులాసానా? శ్రీదుర్గ గారు కదూ పేరు. కడియం బళ్ళో పాఠాలు చెబుతారట, రోజూ స్కూటీ మీదే వెళ్ళొస్తారట.” ఆయన గుమ్మం దాకా వచ్చారు. “ఆ రోడ్డు మీద నర్సరీ మొక్కల లారీలు మరీ ఎక్కువమ్మా. వాళ్ళు వెనకా ముందూ చూసుకోరు. జాగ్రత్తగా వెళ్ళమని చెప్పండి.”

అంతే అన్నారు. ఏ కూతురికైనా ఏ పెద్దమనిషైనా చెప్పే మాటే. అమ్మ హెల్మెట్టు పెట్టుకోదు, జుట్టు చెదిరిపోతుందని. ఆ సంగతి కూడా ఈయనకు తెలిసే ఉంటుందనిపించింది.

“దింపమంటారా?” అన్నాడు సుధాకర్.

“వద్దు. సంచి ఇవ్వండి.”

ఇచ్చాడు. వర్షిణి జిప్పు లాగి లోపలికి చూసింది. మట్టిరంగు కవరు, చుట్టూ ఎర్రదారం. ఉంది. బరువూ అంతే ఉంది. ఊపిరి వదిలి, సంచిని రెండు చేతులా గుండెకు హత్తుకుని చెరువుల మధ్య నుంచి నడవడం మొదలుపెట్టింది. పరిగెత్తితే భయపడ్డానని తెలిసిపోతుందని పరిగెత్తలేదు. మలుపు తిరిగాక మాత్రం పరిగెత్తింది. పరిగెడుతూనే అమ్మకు ఫోను చేసింది. “రేపు ఆటోలో వెళ్ళమ్మా, ఎందుకని అడక్కు” అంది. వాళ్ళమ్మ ఎందుకని అడిగింది. సిగ్నలు పోయింది.

గట్టెక్కేసరికి వర్షిణి ఆగిపోయింది.

ఆదివారం కంపెనీకి సెలవు. డిసెంబరులో తను చూసిన గట్టు ఇది కాదు. ప్రతి గుమ్మంలోనూ మనుషులున్నారు. ఒకావిడ కూతురికి పేలు చూస్తోంది. ఒకాయన వల బాగుచేస్తున్నాడు. పొయ్యి మీద చేపల పులుసు వాసన. పిల్లలు టైరు దొర్లిస్తూ ఆమె కాళ్ళకు అడ్డంపడి పోయారు. వర్షిణి పెదాలు కదిలాయి. తనకు తెలియకుండానే లెక్కపెడుతోంది. ఆరో ఇంటికే ఇరవై నలుగురయ్యారు. సున్నా, సున్నా, సున్నా అని తను టకటకా కొట్టుకుంటూ పోయిన గడులివి. సిగ్గుతో తల దించుకుని నడిచింది.

పన్నెండో ఇల్లు బేబిది. నలభై ఏళ్ళుంటాయి. రోజంతా ఐసులో రొయ్యల తలలు తీసే చేతులు, వేళ్ళ చివర్లు తెల్లగా నాని ముడతలు పడి ఉన్నాయి. నోటీసు ఇంకా తలుపు మీదే ఉంది.

“తవరేనా ఫోనులో మాటాడింది?”

“నేనేనండి. ఆ సున్నాలు వేసింది కూడా నేనే.”

వాక్యం ఎలా మొదలుపెట్టాలా అని బస్సులో రెండు గంటలు ఆలోచించింది. తీరా అది ఇలా, చెప్పులు కూడా విప్పకముందే బయటికొచ్చింది. వల బాగుచేస్తున్నాయన లేచి నిలబడ్డాడు. కొడతారేమో అనుకుంది వర్షిణి. కొట్టినా తప్పులేదనుకుంది.

“సున్నా అంటే ఏంటి?” అంది బేబి.

“ఈ ఇంట్లో ఎవరూ ఉండరని.”

“ఏ ఏళప్పుడు వచ్చేరు తవరు?”

“పదకొండింటికి. తాళం వేసుంది.”

“తాళం బైటేసి ఎల్తాం. కుక్కలు దూరతన్నాయని. లోపల మా అత్త ఉంటాది.”

బేబి పక్కకు జరిగింది. లోపల నులకమంచం మీద ఒక ముసలామె, దుప్పట్లోంచి తల బయటపెట్టి చూస్తోంది. కాళ్ళు రెండూ కదపలేని మనిషి అని చూడగానే తెలుస్తోంది.

“ఎవరే?” అంది ముసలామె.

“ఆ రోజు సర్వేకొచ్చిన పాపంట, అత్తా.”

ఆ అత్త, బంగారమ్మ, తల ఇంకాస్త ఎత్తింది. “తలుపు కొట్టింది నువ్వేనా? రెండుసార్లు కొట్టేవు. పలికేను గదా తల్లీ. గొంతు రాలేదని మంచం కోడు మీద గ్లాసు పెట్టి కొట్టేను. ఇనపళ్ళేదా నీకు?”

వర్షిణి గుమ్మం మీదే కూలబడింది.

వినపడింది. లోపల టక్ టక్ మని ఏదో చప్పుడు. ఆ రోజు తను ఆగింది, తలుపుకు చెవి ఆనించబోయింది. పన్నెండున్నరకు భోజనానికి రమ్మన్నారు రాజుగారు, మిగతావాళ్ళు జీపులో ఎదురుచూస్తున్నారు, ఇంకా ఇరవై ఆరు ఇళ్ళున్నాయి. పిల్లి అనుకుంది. ఫారం వెనక రాసింది కూడా: ‘లోపల చప్పుడు. పిల్లి?’ ఆ ప్రశ్నార్థకం ఒక్కటి వేసి ముందుకెళ్ళి, రొయ్యల ఇగురు రెండుసార్లు వేయించుకుని తింది.

“వినపడిందండి” అంది. ఏడుపు ఆగలేదు. “వినపడింది. రాశాను కూడా. పన్నెండో ఫారం వెనక ఉంది. రేపు సభలో అందరికీ చూపిస్తాను. మీరు ఇక్కడే ఉన్నారని నా చేత్తో రాసినవే ఉన్నాయి. ఇదిగోండి...”

ఎర్రదారం ముడి విప్పింది. కవరు తెరిచింది. పన్నెండో ఫారం బయటికి లాగి వెనక్కి తిప్పింది.

వెనకవైపు తెల్లగా ఉంది.

పదమూడోది తిప్పింది. తెలుపు. మొదటిది, ఇరవయ్యోది, ఆఖరిది. అన్నీ తెలుపే. ముందువైపు మాత్రం నిండుగా రాసి ఉంది. ‘ఎవరూ నివసించడం లేదు. పాక పాడుబడి ఉంది. ఇరుగుపొరుగును విచారించడమైనది.’ అక్షరాలు అచ్చం తనవే. కింద సంతకం తనదే, ‘ణి’ తోక పొడుగ్గా లాగి. తను పెట్టని సంతకం. డిక్కీలో పది నిమిషాలున్న సంచిలోంచి అసలు కట్ట పోయి, ఈ కట్ట వచ్చి కూర్చుంది. రాజుగారు ఫారాల మాటే ఎందుకెత్తలేదో ఇప్పుడు తెలిసింది. రేపు నిండుసభలో, ఇదిగో సాక్ష్యం అని ఈ ముడి తన చేతులతో తనే విప్పి ఉంటే! గట్టు మీద ఎవరూ లేరని ముప్ఫై ఎనిమిది సార్లు తన సంతకంతో తనే చదివి వినిపించి ఉండేది.

పది నిమిషాల్లో ఎవరూ ఇన్ని రాయలేరు. ఎప్పుడో తీరిగ్గా కూర్చుని రాసినవి. తన దస్తూరీ అంత బాగా ఎవరికి తెలుసు?

జవాబు ప్రతి ఫారం అడుగునా ఉంది. ‘పరిశీలించాను’ అని ఆకుపచ్చ సిరా, కింద రెండు చుక్కలు. నాలుగేళ్ళుగా తన ప్రతి పరీక్ష పేపరు మీదా చూసిన సారు సంతకం. అది దొంగది కాదు.

ఫోను మోగింది. తెర మీద ‘భాస్కరం సార్’ అని వచ్చింది. వర్షిణి దాన్ని పాము పిల్లను చూసినట్టు చూసింది. మోగి మోగి ఆగింది. మళ్ళీ మోగింది.

“ఎవరమ్మా?” అంది బేబి. ఆమె గొంతులోనూ బెదురు మొదలైంది. “ఏంటా కాయితాలు? మమ్మల్ని ఉంచుతారా, తీసేత్తారా? అది సెప్పు ముందు.”

చెప్పడానికేముంది? బస్సెక్కి వెళ్ళిపోవచ్చు. అమ్మ స్కూటీ, కడియం రోడ్డు, డిగ్రీ, అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. ఇంటికెళ్ళి దుప్పటి కప్పుకుని పడుకోవాలని నిజంగానే అనిపించింది. అప్పుడు లోపల్నుంచి మంచం కోడు మీద గ్లాసు చప్పుడైంది. టక్ టక్. బంగారమ్మకు దాహమేసినట్టుంది.

వర్షిణి ముక్కు తుడుచుకుంది. ఫోను ఆపేసి సంచిలో పడేసింది.

“ఇవాళ అందరూ ఇళ్ళల్లోనే ఉన్నారు కదండీ?”

“ఆయ్. ఆదోరం గదా.”

“అయితే మళ్ళీ రాస్తాను. ముప్ఫై ఎనిమిదీ. ఒక్కొక్కరి పేరూ. వేలిముద్ర వేయాలి, ఎన్నాళ్ళ నుంచి ఉంటున్నారో చెప్పాలి. ఇంట్లో ఇంకొకరో పక్కింటివాళ్ళో సాక్షి సంతకమో ముద్రో వేయాలి.”

పన్నెండో ఫారాన్ని తిప్పి, ఒళ్ళో పెట్టుకుని, ఆ దొంగ రాతల వెనక తెల్లటి చోట రాయడం మొదలుపెట్టింది. బంగారమ్మ. వయసు డెబ్బై ఆరు. ఇంట్లోనే ఉంటుంది. బేబి వంగి, నానిన బొటనవేలును వర్షిణి సంచిలోంచి తీసిన స్టాంపు ప్యాడుకు అద్ది, అత్త పేరు కింద తన సాక్షి ముద్ర వేసింది. వల బాగుచేసే ఆయన వచ్చి పక్కన గొంతుక్కూర్చున్నాడు. “తర్వాత మాది రాయండమ్మా” అన్నాడు. ఆయన వెనక ఇంకొకరు, ఆ వెనక ఇంకొకరు.

తొమ్మిదో పేరు రాస్తుండగా పిల్లల టైరు ఆగింది. జనం ఒక్కొక్కరే లేచి పక్కకు తప్పుకున్నారు. గట్టు మొదట్లో తెల్ల కారు ఆగి ఉంది. సుధాకర్ స్టీరింగు దగ్గరే కూర్చుని ఉన్నాడు. కారు దిగి గట్టు మీద నెమ్మదిగా నడిచి వస్తున్నది హనుమంతరాజు గారు కాదు. నెరిసిన జుట్టు, చంకలో గొడుగు, జేబులో ఆకుపచ్చ పెన్ను.

భాస్కరం గారు ఆమెకు రెండడుగుల దూరంలో ఆగారు. ఆయన చేతిలో మట్టిరంగు కవరొకటి ఉంది. దాని ఎర్రదారం ముడి వర్షిణి వేసినదే, ఇంకా విప్పలేదు. ఆయన మొహం పాలిపోయి ఉంది. ఒకసారి వెనక్కి తిరిగి కారు వైపు చూసి, పరీక్ష హాల్లో ఆఖరి గంట కొట్టాక అనే మాటే అన్నారు. గొంతు మాత్రం అప్పటిలా లేదు.

“పెన్ను కింద పెట్టమ్మా, వర్షిణీ.”